ఇంట్లో తెలియకుండా గే కథతో షార్ట్ ఫిల్మ్ తీయవచ్చా? పేరు, నటులు, సెన్సార్, ఫెస్టివల్స్ గురించి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీకు 24 ఏళ్లు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నారు. ఒకే గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్ల ప్రేమ మీద 25 నిమిషాల స్క్రిప్టు రాసుకున్నారు. మీరు గే అన్న సంగతి ఇంట్లో తెలియదు. సినిమాకి మీ పేరు వేసుకోవచ్చా, నటులు దొరుకుతారా, సెన్సార్ కావాలా, యూట్యూబ్‌లో పెడితే ఏమవుతుంది, ఎప్పటికైనా మీ అమ్మగారికి చూపించవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. తీయండి. దాన్ని 12 నిమిషాల లోపుకు కుదించండి. ఫెస్టివల్స్‌కు పంపడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, యూట్యూబ్‌కూ అక్కర్లేదు. ముందు ఫెస్టివల్స్‌కు పంపి, ఏడాది ఆగి, అప్పుడు యూట్యూబ్ సంగతి ఆలోచించండి. అన్నిటికన్నా ముందు ఒక పని చేయాలి: ఈ సినిమా ఎవరి కంటపడితే మీకు, మీ నటులకు, మీ టీమ్‌కు ఇబ్బందో షూటింగ్ మొదలవక ముందే అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఎవరిని తీసుకోవాలి, ఎక్కడ తీయాలి, పేరు ఏం వేయాలి, ఎక్కడ చూపించాలి అన్నవన్నీ ఆ ఒక్క నిర్ణయం వెనకాలే వస్తాయి. ఒకసారి బయటికి వెళ్లిన సినిమాను వెనక్కి తెచ్చుకోవడం మన చేతిలో ఉండదు.

నేను హైదరాబాద్‌లో ఎడిటర్‌ని, నేనూ గేనే. సొంతంగా కొన్ని షార్ట్ ఫిల్మ్స్ తీశాను, మన కథలతో వచ్చిన ఇతరుల సినిమాలు చాలా ఎడిట్ చేశాను, చిన్న చిన్న క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి మనవాళ్ల) స్క్రీనింగ్స్‌కు సినిమాలు ఎంపిక చేసే పనిలోనూ ఉన్నాను. కింద రాసేదంతా ఆ పనిలో చూసిందే.

ముందు చట్టం సంగతి

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో వయసొచ్చిన ఇద్దరి మధ్య ఇష్టపూర్వకంగా ఉండే స్వలింగ సంబంధం సెక్షన్ 377 కింద నేరం కాకుండా పోయింది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు ఇదే మాట చెబితే, 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మధ్యకాలంలో షూటింగ్‌కి ఇల్లు అడిగితే ఓనర్లు "దీనివల్ల మా మీద కేసేమీ రాదు కదా" అనేవాళ్లు. అప్పుడు కూడా అలాంటి కథ చెప్పడం నేరం కాదు. అయినా భయం అనేది సెక్షన్ నంబర్ చదువుకుని రాదు కదా. ఇప్పుడు ఆ భయానికి చట్టంలో చోటు లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. అశ్లీలతకు సంబంధించిన చట్టాలు అందరి సినిమాలకూ వర్తించినట్టే మనవాటికీ వర్తిస్తాయి. ఐటీ చట్టంలోని 67, 67ఏ సెక్షన్లు ఆన్‌లైన్‌లో పెట్టేవాటికి సంబంధించినవి. రెండోది, మీ పాత్రల వయసు, మీ నటుల వయసు రెండూ 18 దాటి ఉండాలి. ఇంటర్ చదివే కుర్రాడి కథ రాసుకున్నానని ఒకరు నా దగ్గరికి వచ్చారు. మంచి కథే. కానీ అందులో దగ్గరితనం ఉన్న సన్నివేశం ఉంది. ఆ పాత్రను డిగ్రీ చివరి ఏడాదికి మార్చే వరకు నేను ఎడిటింగ్‌కి ఒప్పుకోలేదు. ఈ విషయంలో మినహాయింపు ఇవ్వకండి, ఎవరినీ అడగకండి.

సెన్సార్ విషయానికొస్తే, 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ కావాలి. నిడివి 5 నిమిషాలైనా సరే. ఫెస్టివల్స్‌కు మాత్రం కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. ఆ అనుమతి తెచ్చుకునే బాధ్యత ఫెస్టివల్ వాళ్లదే. టికెట్ పెట్టి థియేటర్లో వేయాలంటే మీరు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, షార్ట్ ఫిల్మ్‌కి ఆ అవసరం దాదాపు రాదు.

ఈ తేడా తెలిసినవాళ్లే మన దేశంలో ఈ దారి వేశారు. 1996లో రియాద్ వాడియా తీసిన 'బాంగే' ఆర్. రాజారావు కవితల ఆధారంగా వచ్చిన చిన్న సినిమా. సెన్సార్ ఒప్పుకోదన్న నమ్మకంతో దాన్ని థియేటర్లకు తీసుకెళ్లే ప్రయత్నమే జరగలేదు. 2003లో శ్రీధర్ రంగాయన్ తీసిన 'గులాబీ ఆయినా'కు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ నిరాకరించింది. అది విదేశీ ఫెస్టివల్స్‌లో తిరిగింది. అదే రంగాయన్ 2010లో ముంబైలో క్వీర్ సినిమాల కోసం 'కశిష్' ఫెస్టివల్ మొదలుపెట్టారు. సర్టిఫికెట్ దొరకని మనిషే ఇతరుల సినిమాలకు తెర ఏర్పాటు చేశారన్నమాట. మీరు ఇవాళ దరఖాస్తు పెట్టుకోబోయే ఫెస్టివల్ అదే కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది.

25 నిమిషాలు ఎందుకు వద్దంటున్నాను

ఫెస్టివల్స్‌లో షార్ట్ ఫిల్మ్స్‌ను గంటన్నర అటూఇటూ ఉండే గుత్తులుగా వేస్తారు. మీ ఒక్క సినిమా 25 నిమిషాలు తీసుకుంటే ఇంకో ఇద్దరి సినిమాలు పక్కకు పోవాలి. అంత బాగుంటేనే ఎంపిక చేసేవాళ్లు ఆ పని చేస్తారు. నేను స్క్రీనింగ్ లిస్టు వేసేటప్పుడు ఎన్నోసార్లు ఇదే లెక్కతో మంచి సినిమాలను వదులుకోవాల్సి వచ్చింది.

ఇంకో కారణం మీ స్క్రిప్టు గురించి మీరు రాసిన నాలుగు లైన్లలోనే కనిపిస్తోంది. ఒక స్నేహితుడు వచ్చి "ఇది జబ్బు కాదురా, సహజమే" అని హీరోకి వివరించే సన్నివేశం ఉందన్నారు. తీసేయండి. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తొలగించింది. 12 నిమిషాల కథలో మీ పాత్ర దాన్ని మళ్లీ నిరూపించనక్కర్లేదు. ఆ సన్నివేశం ఎవరి కోసం రాశారో ఆలోచించండి. మనల్ని ఒప్పుకోని ప్రేక్షకుడి కోసం రాశారు. అతను ఎలాగూ ఆ డైలాగుతో మారడు. ఈలోపు కడపలోనో, శ్రీకాకుళంలోనో దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని చూసే కుర్రాడికి ఆ నిమిషంన్నర దండగ. అతనికి ఆ సంగతి తెలుసు. తనలాంటి ఇద్దరు పొద్దున్నే లేచి టీ తాగుతూ ఏం మాట్లాడుకుంటారో అతను చూడలేదు. అది చూపించండి.

మన ప్రాంతంలో ఒక విషయం ఉంది, మీ కథకు అది పెద్ద బలం. మన ఊళ్లలో ఇద్దరు మగవాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని నడిస్తే ఎవరూ తిరిగి చూడరు. ఒకే మంచం మీద పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా ఎవరూ ఏమీ అనరు. అంటే మీ పాత్రలు ప్రేమను నలుగురి ముందే చూపించుకోగలరు, ఎవరికీ తెలియదు. అదే చెయ్యి ఒకడికి మామూలు స్నేహం, ఇంకొకడికి ఆ వారమంతా గుర్తుండిపోయే సంగతి. విదేశీ సినిమాలు చూసి రాసే స్క్రిప్టుల్లో ఈ అవకాశం ఎప్పుడూ కనిపించదు. బార్లు, వర్షంలో ముద్దు, ఇంట్లో నిజం చెప్పేసి తలుపు వేసుకుని వెళ్లిపోవడం, ఇవే వస్తాయి. మీ కథ హాస్టల్ గదిలో జరుగుతోంది. ముగ్గురుండే గదిలో మూడోవాడు శనివారం ఊరెళతాడా లేదా అన్నదే ఒక సస్పెన్స్. అక్కడి నుంచి రాయండి.

వయసు పెరిగేకొద్దీ ఈ వెసులుబాటు తగ్గుతుంది. పాతికేళ్లప్పుడు ఇద్దరు బ్యాచిలర్లు. 33 వచ్చాక ఓనర్ "మీ ఇద్దరికీ సంబంధాలు చూడట్లేదా" అని మొదలుపెడతాడు. ఊళ్లో అమ్మ ఫొటోలు పంపుతుంటుంది. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మన పెళ్లిళ్లకు గుర్తింపు ఇవ్వడానికి ఒప్పుకోలేదు కాబట్టి ఆస్పత్రిలో సంతకం, ఇన్సూరెన్స్ నామినీ లాంటి చోట్ల ప్రశ్నలు అలాగే ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ మాత్రం మనవాళ్లు జాయింట్ బ్యాంక్ అకౌంట్ తెరవడానికి, జంటలోని మనిషిని నామినీగా పెట్టుకోవడానికి ఆంక్షలేమీ లేవని స్పష్టం చేసింది. బ్యాంకు కౌంటర్ దగ్గర ఇద్దరు మగవాళ్లు, ఒక ఫారం, 'బంధుత్వం' అని రాసి ఉన్న గడి. దీని మీద ఇంకా మంచి తెలుగు షార్ట్ ఫిల్మ్ నేను చూడలేదు. ఈ కథ కాకపోతే తర్వాతి కథకు వాడుకోండి.

చివర్లో ఒకడు చనిపోయే ముగింపు మీ స్క్రిప్టులో ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మార్చమని బతిమాలుతున్నాను. మా దగ్గరికి స్క్రీనింగ్‌కి వచ్చే సినిమాల్లో ఇది ఎంత ఎక్కువంటే, చూసి బయటికి వచ్చే కుర్రాళ్ల ముఖాలు చూడలేం. వాళ్లలో ఒకరిద్దరు చచ్చిపోవాలన్న ఆలోచనతో ఎప్పుడో పోరాడినవాళ్లే అయి ఉంటారు. విషాదం వద్దని అనడం లేదు. విడిపోవడం ఉంది, దూరం ఉంది, ఒకడు పెళ్లి చేసుకుని వెళ్లిపోవడం ఉంది. వాటితో ఎంత దుఃఖమైనా చెప్పవచ్చు.

మన సినిమాల్లో గే పాత్ర అంటే చేతులు తిప్పుతూ, సాగదీసి మాట్లాడుతూ, హీరో మీద పడే కామెడీ పాత్ర. అది చూసి నవ్విన థియేటర్లలో మనమూ కూర్చున్నాం. 2018లో వచ్చిన 'అ!' లాంటివి, ఇద్దరు అమ్మాయిల జంటను వెక్కిరింత లేకుండా చూపించినవి, చాలా తక్కువ. అయితే ఆ కామెడీ మీద కోపంతో మన షార్ట్ ఫిల్మ్స్ వాళ్లు ఇంకో చివరికి వెళ్లిపోతున్నారు. హీరోలిద్దరూ జిమ్ బాడీలు, గడ్డాలు, గంభీరమైన గొంతులు. నడకలో మెత్తదనం ఉన్న కుర్రాడు సినిమాలోంచే మాయమైపోయాడు. స్కూల్లో అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది అతనే. దాచుకునే అవకాశం లేనిది కూడా అతనికే. ఆ పాత్రను గౌరవంగా రాయగలిగితే, మీ సినిమాకి ఆ ఒక్కటి చాలు.

నటులు దొరుకుతారా?

దొరుకుతారు. 2018 ముందుతో పోలిస్తే చాలా సులువు. కృష్ణానగర్‌లో అవకాశాల కోసం తిరిగే కుర్రాళ్లలో మంచి పాత్ర అంటే ముందుకొచ్చేవాళ్లున్నారు. నాటకాలు వేసేవాళ్లను ముందు అడగండి. హైదరాబాద్ యూనివర్సిటీ థియేటర్ విద్యార్థులు, లామకాన్ లాంటి చోట్ల నాటకాలు వేసే బృందాలు. స్టేజీ మీద పనిచేసినవాళ్లకు పాత్రకూ తమకూ మధ్య గీత ఎక్కడుందో తెలుసు, అందువల్ల వాళ్ల టెన్షన్ తక్కువ.

గే పాత్రను గే నటుడే చేయాలా అని చాలామంది అడుగుతారు. దొరికితే మంచిదే. కానీ ఆడిషన్‌లో ఎవరినీ "మీరు గేనా" అని అడగకండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు లేదు. పైగా అక్కడ చెప్పిన జవాబు కృష్ణానగర్ అంతా తిరుగుతుంది.

మొదటిసారి కలిసినప్పుడే పూర్తి స్క్రిప్టు చేతికివ్వండి. ముద్దు ఉంటే ఉందని, చొక్కా విప్పాలంటే విప్పాలని రాసి ఉండాలి. "సెట్లో చూద్దాం" అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. అలాంటి సన్నివేశాన్ని ముందే డాన్సులా అడుగు అడుగూ రిహార్సల్ చేయించండి. చెయ్యి ఎక్కడ ఆగుతుంది, ఎవరు ముందు కదులుతారు అన్నీ. షూట్ చేసేటప్పుడు గదిలో కెమెరా, సౌండ్, మీరు తప్ప ఎవరూ ఉండకూడదు, ఎవరి ఫోనూ లోపలికి రాకూడదు. నేను పనిచేసిన ఒక సినిమాలో సెట్లో ఎవరో తీసిన ఫోన్ వీడియో నటుడి కాలేజీ వాట్సాప్ గ్రూపుకు చేరింది. సినిమా ఇంకా ఎడిటింగ్ టేబుల్ మీదే ఉంది, ఆ అబ్బాయి మాత్రం అప్పటికే హాస్టల్ ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఒప్పంద పత్రం తప్పనిసరి, డబ్బులు ఇవ్వకపోయినా. నటులు సంతకం పెట్టే మామూలు అనుమతి పత్రంలో (రిలీజ్ ఫారం) నిర్మాతకు అన్ని హక్కులూ ఉంటాయి, నటుడికి ఏమీ ఉండవు. మన సినిమాలకు నేను వేరే రకంగా రాయిస్తాను. ఎడిటింగ్ పూర్తయ్యే ముందు నటుడు సినిమా చూస్తాడు. ఫలానా తేదీ వరకు తన షాట్ ఏదైనా తీసేయమని అడగవచ్చు. ఫెస్టివల్స్‌కు, మూసిన గదిలో స్క్రీనింగ్స్‌కు, యూట్యూబ్‌కు విడివిడిగా ఒప్పుకుంటాడు. మూడిటికీ మూడు సంతకాలు. ఇలా రాసినందుకు ఎవరూ వెనక్కి తగ్గలేదు. నిజానికి నమ్మకం పెరిగింది. ఒక నటుడు ఫెస్టివల్స్‌కు ఒప్పుకుని, యూట్యూబ్‌కు "మా చెల్లి పెళ్లయ్యాక" అని పక్కన రాసి సంతకం పెట్టాడు. ఆ పెళ్లి అయ్యే వరకు మేం ఆగాం.

షూటింగ్ గురించి కొంచెమే చెబుతాను

కెమెరా గురించి ఎక్కువ ఆలోచించకండి, ఇవాళ్టి ఏ కెమెరా అయినా చాలు. డబ్బు సౌండ్ మీద పెట్టండి. హాస్టల్ గదిలో ఫ్యాన్ ఆపితే చెమట, వేస్తే శబ్దం. కాబట్టి ఫ్యాన్ ఆపి చిన్న చిన్న షాట్లుగా తీయండి. తర్వాత డబ్బింగ్ చెప్పించుకుందాంలే అనే మన అలవాటు ఇలాంటి కథను చంపేస్తుంది. గుసగుసగా చెప్పిన మాట డబ్బింగ్ థియేటర్లో అదే ఊపిరితో తిరిగి రాదు. టీమ్ ఎంత చిన్నదైతే అంత మంచిది, అందరూ కథ తెలిసి వచ్చినవాళ్లే కావాలి. లొకేషన్ ఓనర్‌కి "ఇద్దరు స్నేహితుల కథ" అని చెప్పి తీస్తే, మధ్యలో ఆయన తలుపు తీసి చూస్తే గొడవ. ఒప్పుకునే ఇల్లు దొరికే వరకు వెతకండి.

పాటల విషయంలో ఒకటే మాట: సినిమా పాట వాడొద్దు. వెనక టీవీలో వినిపించినా సరే. ఫెస్టివల్ ఫారంలో సంగీతం హక్కులు మీవేనని మీరు సంతకం పెట్టాలి. యూట్యూబ్ అయితే దానంతట అదే పట్టేస్తుంది. పాత సాహిత్యం కావాలంటే క్షేత్రయ్య పదాలున్నాయి. 17వ శతాబ్దపు రచనలకు కాపీరైట్ ఉండదు. నాయిక గొంతుతో, మువ్వగోపాలుడి కోసం ఒక మగవాడు రాసిన విరహం అది. ఒక గాయకుడి చేత కొత్తగా పాడించుకుని, ఆ రికార్డింగ్‌కి ఆయన దగ్గర కాగితం రాయించుకోండి. పాత రికార్డింగ్ తెచ్చి పెట్టుకుంటే మాత్రం దాని హక్కులు వేరేవాళ్లవి. క్షేత్రయ్యను చూపించి "మన సంస్కృతిలో ఇదంతా ఎప్పుడో ఉంది" అని నిరూపించే ప్రయత్నం చేయకండి. భక్తి సంప్రదాయానికి దాని లెక్కలు దానికున్నాయి. మీ హీరో గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పదం వినిపిస్తే బాగుంటుంది, అంతే.

ఖర్చు నాకు తెలిసినంతలో రెండు రోజుల షూటింగ్, చిన్న టీమ్ అయితే 60 వేల నుంచి లక్షన్నర మధ్య అవుతుంది. తిండి మీద పిసినారితనం వద్దు. దర్శకుడు ఓనిర్ 2010 నాటి 'ఐ యామ్' సినిమాకు సోషల్ మీడియా ద్వారా వందల మంది దగ్గర డబ్బు పోగుచేశారు. మీరు మాత్రం ఆ దారి పట్టేముందు ఆలోచించండి. డబ్బు అడిగే పేజీలో మీ పేరు, కథ, ఫొటో ఉంటాయి. తెలియకూడని చోట ముందు అక్కడే తెలుస్తుంది.

పేరు వేసుకోవాలా?

ఇప్పుడు ఉన్న పరిస్థితిలో వద్దు. కలం పేరు పెట్టుకోండి. మన భాషలో కలం పేరుతో బతికిన రచయితలు ఎంతమంది లేరు! అందులో చిన్నతనం ఏమీ లేదు.

మారుపేరు పెట్టుకునేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా వదిలేయండి. మన దగ్గర ఇంటిపేరు చూస్తే ఊరు, కులం, సగం బంధువులు దొరికిపోతారు. ఆ పేరుతోనే కొత్త మెయిల్, కొత్త ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ తెరవండి, మీ ఫోన్ నంబర్, కాంటాక్ట్స్ వాటికి కలపకండి. ఫెస్టివల్ వాళ్లకు అసలు పేరు రహస్యంగా ఉంచమని మెయిల్‌లో రాయండి. ప్రయాణానికి, ప్రైజ్ డబ్బుకు వాళ్లకు అసలు పేరు కావాల్సి రావచ్చు, పోస్టర్ మీదకు అది రానక్కర్లేదు. క్వీర్ ఫెస్టివల్స్‌కు ఈ విన్నపం కొత్త కాదు.

జనం మర్చిపోయేది ఫొటోలు. పేరు మార్చుకుని, తీరా ఫెస్టివల్ స్టేజీ మీద గ్రూప్ ఫొటోలో నిలబడతారు. దాన్ని ఎవరో ట్యాగ్ చేస్తారు. మీ బదులు ఎడిటర్‌నో, నటుణ్నో స్టేజీ మీదకు పంపండి. నేను అలా వేరేవాళ్ల సినిమాల తరఫున వెళ్లి మాట్లాడాను. దర్శకుడు అదే హాల్లో, వెనక వరసలో కూర్చుని జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ మౌనంగా ఉన్నారో విన్నాడు. అతనికి అది చాలు అనిపించింది.

ఎంత జాగ్రత్తపడినా ఇంట్లో తెలిసే అవకాశం ఉంటుంది. అందుకని షూటింగ్ మొదలయ్యే ముందే మీ చదువు సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ మీ దగ్గరకు తెచ్చుకోండి. రాత్రికి రాత్రి వెళ్లి ఉండగలిగే ఒక స్నేహితుడి ఇల్లు చూసి పెట్టుకోండి. మీ ఉద్యోగం మీది, మీ అద్దె మీరు కడుతున్నారు. ఇది మీకున్న పెద్ద బలం. చదువుకుంటూ ఇంటి డబ్బుతో ఉన్న కుర్రాడు ఇదే ప్రశ్న అడిగితే ఉద్యోగం వచ్చే వరకు స్క్రిప్టు రాస్తూ ఉండమని చెప్పేవాణ్ని.

ఎక్కడ చూపించాలి

ముంబైలో కశిష్‌కు మొదట పంపండి. కోల్‌కతాలో 'డైలాగ్స్' అనే క్వీర్ ఫెస్టివల్ 2007 నుంచి నడుస్తోంది. చెన్నైలో 'రీల్ డిజైర్స్', బెంగళూరులో క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉన్నాయి. తిరువనంతపురంలో జరిగే అంతర్జాతీయ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ అందరి సినిమాలకూ. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సియాటెల్‌లో 'తస్వీర్' దక్షిణాసియా సినిమాల ఫెస్టివల్ ఉంది. క్వీర్ ఫెస్టివల్స్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో 'ఫ్రేమ్‌లైన్' 1977 నాటిది, లండన్‌లో 'ఫ్లేర్' ఉంది. బెర్లిన్ ఫెస్టివల్‌లో క్వీర్ సినిమాలకు 1987 నుంచి ఇస్తున్న 'టెడ్డీ' అవార్డుల్లో షార్ట్ ఫిల్మ్‌కూ ఒకటుంటుంది. కార్డిఫ్‌లో 'ఐరిస్ ప్రైజ్' అయితే గెలిచినవాళ్లకు తర్వాతి షార్ట్ ఫిల్మ్ తీసుకోవడానికి 30,000 పౌండ్లు ఇస్తుంది. ఎంట్రీ ఫీజులు కలిపితే ఖర్చు పెరుగుతుంది కాబట్టి మొదటి దఫా ఐదారు చోట్లకు చాలు. ఫీజు మినహాయింపు అడగడానికి మొహమాటపడకండి, అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఇద్దరు వేర్వేరు మనుషులతో చూపించుకోండి.

చాలా ఫెస్టివల్స్ ముందే ఆన్‌లైన్‌లో ఉన్న సినిమాను తీసుకోవు. యూట్యూబ్‌ను ఏడాది ఆపమన్నది అందుకే.

షార్ట్ ఫిల్మ్స్‌తో ఏం వస్తుందని ఎవరైనా అంటే రోహన్ కనవడే గురించి చెప్పండి. ఫిల్మ్ స్కూల్లో చదవలేదు. ఏళ్ల తరబడి షార్ట్ ఫిల్మ్స్ తీస్తూ వచ్చారు. ఆయన మొదటి పెద్ద సినిమా, మరాఠీలో తీసిన 'సాబర్ బోండ', పల్లెలో తండ్రి చావు తర్వాతి దినాల మధ్య ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. 2025లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో ప్రపంచ సినిమా విభాగంలో గ్రాండ్ జ్యూరీ ప్రైజ్ తెచ్చుకుంది. దాన్ని మన దేశంలో థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. పల్లె, చావు ఇల్లు, బంధువులు, పెళ్లి మాటలు. ఆ కథ గుంటూరు జిల్లాలో జరిగినా ఏ మార్పూ అక్కర్లేదు. తెలుగులో ఎందుకు రాలేదన్నది నా బాధ. మీలాంటివాళ్లు రాస్తున్నారంటే ఆ బాధ కొంత తగ్గుతుంది.

యూట్యూబ్ సంగతి

హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి, మీ సొంత చానెల్లోనే పెట్టండి. పెద్ద చానెల్ వాళ్లు "మా దగ్గర పెట్టండి, వ్యూస్ వస్తాయి" అంటారు. వ్యూస్ వస్తాయి, నిజమే. కానీ టైటిల్, థంబ్‌నెయిల్ వాళ్లిష్టం. నేను ఎడిట్ చేసిన ఒక నెమ్మదైన కథకు ఒక చానెల్ వాళ్లు ఇద్దరు మగవాళ్ల మంచం బొమ్మ, పక్కన ఎర్ర బాణం గుర్తు, 'రాత్రి ఏం జరిగింది' అని పెట్టారు. తీయమని అడిగితే ఒప్పందంలో ఆ మాట లేదన్నారు. సొంత చానెల్లో ఉంటే నటుడికి ఏదైనా కష్టం వచ్చిన రోజు ఒక్క క్లిక్‌తో ప్రైవేట్ చేసేయవచ్చు. ఒక నటుడి విషయంలో ఆ పని చేశాం. కొన్ని నెలల తర్వాత అతనే మళ్లీ పెట్టమన్నాడు.

మొదటి రోజు నుంచే కామెంట్లను మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేలా సెట్ చేయండి. ఆ పని మీరు చేయకండి, టీమ్‌లో వేరే ఒకరికి అప్పగించండి. తిట్లు చదవడం మీ పని కాదు. మధ్యలో "అన్నా, నేనూ ఇంతే, ఎవరికీ చెప్పలేదు" అనే కామెంట్లు వస్తాయి, తప్పకుండా వస్తాయి. అలాంటివి బయటికి కనిపించనివ్వకండి, రాసిన అకౌంట్ అతని అసలు పేరుతో ఉండొచ్చు. అలాంటివాళ్లు మీకు రాసుకోవడానికి ఒక మెయిల్ ఐడీ వీడియో కింద ఇవ్వండి.

ఇక అమ్మగారి సంగతి

చూపించవచ్చు. కానీ మీరు చెప్పాల్సిన మాటను సినిమా చేత చెప్పించకండి. కొంతమంది లింక్ పంపించి, "చూడమ్మా" అని ఊరుకుంటారు. ఆవిడ ఒక్కరే కూర్చుని చూస్తారు. తెర మీద కొడుకు స్నేహితుడి గదిలాంటి గది కనిపిస్తుంది. ఏం అర్థం చేసుకోవాలో, ఎవరిని అడగాలో తెలియదు. ముందు మీ నోటితో చెప్పండి, అదీ చెప్పగలిగే రోజు వచ్చినప్పుడే. ఆవిడ అడిగే ప్రశ్నలకు కొన్ని నెలలు జవాబు చెప్పాల్సి వస్తుంది, పెళ్లి మాట, పిల్లల మాట, నాన్నగారికి ఎలా చెప్పాలి అన్న మాట. అవన్నీ కొంత కుదుటపడ్డాక, పక్కన కూర్చుని చూపించండి. ఫోన్‌లో కాకుండా టీవీలో పెట్టండి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేని కాపీ ఒకటి దాచి ఉంచుకోండి.

స్క్రిప్టు 12 పేజీలకు తగ్గించాక ఇక్కడే చెప్పండి, చదివి నోట్స్ ఇస్తాను. పేరు, ఊరు లేకుండా పంపండి.